తొమ్మిదిలో ఒకరు

మా మొగలిలంక తెరిస్తే తొమ్మిది మంది పోతారని యంత్రం చెప్పింది. తొమ్మిదేగా అని చెయ్యెత్తినవాళ్లలో నేనొకదాన్ని. నేనెత్తడమే కాదు, ఊరి చేత కూడా ఎత్తించాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. లేకపోతే ఇకముందు నేను ఎవర్ని తిట్టినా నా చేతికి మట్టి అంటనట్టు కనిపిస్తుంది.

అప్పటికి బూడిద జ్వరం మొదలై రెండేళ్లు దాటింది. నాలుక బూడిద పూసినట్టయి, ఆరో రోజుకు ఊపిరి బరువెక్కే జబ్బు అది. టీకా వేసిన నాలుగు నెలలకే వేషం మార్చుకుని మళ్లీ వచ్చేది. గట్టు మీది ఊళ్లు మూస్తూ తెరుస్తూ ఎలాగో నెట్టుకొస్తున్నాయి గానీ, గోదావరి పాయల మధ్య ఉన్న లంకలకు మాత్రం పంట్లు పూర్తిగా ఆపేశారు. మనుషుల్నీ గేదెల్నీ మోటారు సైకిళ్లనీ ఒకేసారి ఏరు దాటించే పెద్ద పడవ పంటు. అది ఆగితే లంక ఆగినట్టే. ఏడు నెలల పాటు మా పంటు రేవులో గొలుసుకు కట్టి ఉంది. జ్వరం మా లంకలో అడుగుపెట్టలేదు.

అడుగుపెట్టకపోయినా జనం పోయారు. పాము కరిచిన పిల్లను గట్టుకు చేర్చడానికి అనుమతి వచ్చేసరికి పిల్ల లేదు. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవలసిన డ్రిల్లు మాస్టారికి ఒక్కసారికే పాస్ దొరికేది. మూడో నెలలో ఆయనా వెళ్లిపోయారు. కాన్పు కష్టమై ఒక తల్లి పోయింది. వీళ్లని జ్వరం లెక్కలో ఎవరూ రాయలేదు. మూసిపెట్టడం కూడా చంపుతుంది, కాకపోతే నింద ఎవరి మీదా పడదు.

నేనూ, మా ఆయన మణికంఠా గట్టు మీద, జ్వరం ఎలా పాకుతుందో లెక్కగట్టే అంచనా కేంద్రంలో పనిచేసేవాళ్లం. మా ఆయన అని అలవాటుగా అన్నాను గానీ అతను నా సొంత మేనత్త కొడుకు, నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ బావే. మా మేనత్త తాయారు ఇల్లూ మా అమ్మ పల్లాలమ్మ ఇల్లూ లంకలో ఎదురెదురుగా ఉంటాయి. చిన్నప్పుడు బావ పడుకునేది వాళ్లింట్లో, తినేది మా ఇంట్లో. ఇద్దరు ఆడవాళ్లకీ ఇప్పుడు మొగుళ్లు లేరు. ఒకరికొకరే దిక్కు కాబట్టి రోజూ తప్పకుండా పోట్లాడుకునేవారు.

యంత్రం బావ ఆలోచన. లంకలో రెండువేల నూట నలభై మంది ఉంటే యంత్రం లోపల రెండువేల నూట నలభై నీడలుంటాయి. ఎవరి వయసు ఎంత, ఎవరికి ఏ జబ్బు, ఎవరు పొద్దున ఎక్కడికెళ్తారు, ఎవరి అరుగు మీద ఎవరు కూచుంటారు, అన్నీ ఆ నీడలకు తెలుసు. దానికి నీడ ఊరు అని పేరు పెట్టుకున్నాం. ఆ ఊళ్లో పంటు గొలుసు విప్పి, గట్టు నుంచి జ్వరాన్ని ఎక్కించి వదిలేవాళ్లం. రెండు నెలల బతుకు నాలుగు నిమిషాల్లో నడిచేది. అలా వెయ్యిసార్లు నడిపి, సగటున ఎందరు పోయారో చూసేవాళ్లం.

మొదటిసారి నడిపినప్పుడు సున్నా వచ్చింది. ఒక్కరూ పోలేదు. బావ పగలబడి నవ్వాడు. ఎందుకంటే మేము ఇంటింటికీ ఫోన్ చేసి రోజుకు ఎంతమందిని కలుస్తున్నారని అడిగాం. పక్కింటికి వెళ్లినా జరిమానా వేస్తున్న రోజులవి. ఊరంతా ఒకటే జవాబు, గడప దాటడం లేదండి అని. ఎవరూ గడప దాటని ఊళ్లో జ్వరం రేవు మెట్ల మీదే కూలబడి చచ్చింది మరి.

ఆ వారం నేను పరీక్షలు చేయించుకుని, ఐదు రోజులు విడిగా ఉండి, కేంద్రం పడవలో లంకకు వెళ్లాను. అమ్మ అన్నం పెట్టింది. తింటూ తింటూ వంటింటి అలమార వైపు చూస్తే పై వరసలో మూడు గిన్నెలు మావి కావు. మా వైపు ఏ స్టీలు సామాను కొన్నా పేరు కొట్టించుకోకుండా ఇంటికి తేరు. ఒక దాని మీద మా అత్త పేరు, ఇంకో దాని మీద రేవు దగ్గరుండే చాకలి నూకాలమ్మ పేరు, మూడోదాని మీద ఊరి అవతలి చివర ఉన్న కరణం గారి కోడలి పేరు. గడప దాటని మా అమ్మ ఇంట్లోకి మూడు గడపల గిన్నెలు నడిచొచ్చాయి. అడిగితే, ఎవరైనా కూర పంపితే గిన్నె ఖాళీగా ఎలా తిప్పి పంపుతాం, ఏదైనా వండేదాకా ఉంచుకోవద్దా అంది.

అప్పుడు తట్టింది నాకు. మర్నాటి నుంచి ఏ ఇంట్లోనూ ఎవర్ని కలిశారని అడగలేదు. ఒక్కసారి మీ అలమార చూపించండి అన్నాను. ఆరువందల వంటిళ్లు తిరిగాను. ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో రాసుకున్నాను. ఏ రెండిళ్ల మధ్య ఎన్ని గిన్నెలు తిరుగుతున్నాయో చూస్తే ఎవరికి కష్టమొస్తే ముందు ఎవరు పరిగెత్తుతారో కూడా తెలిసిపోయింది. ఎవరో చదువుకున్న వాళ్లు బయటినుంచి వచ్చి ఆ అలమారల్ని చూస్తే వాళ్లకు స్టీలు సామాను తప్ప ఏమీ కనిపించదు. నాకు ఊరు మొత్తం కనిపించింది. నా జన్మలో అంత గర్వపడ్డ రోజులు లేవు.

గిన్నెలు ఎక్కించాక నీడ ఊరు నిజం ఊరిలా కదిలింది. తెరిస్తే రెండు నెలల్లో తొమ్మిది మంది పోయి జ్వరం చల్లారుతుంది, మూసే ఉంచితే ఏడాదిలో ఇరవై ఇద్దరు పోతారు. తెరిచే తేదీ, పంటు ఎన్ని ట్రిప్పులు తిరగాలి, సంత ఎప్పుడు మొదలు కావాలి, అన్నీ మార్చి మార్చి చూశాం. తొమ్మిది కంటే కిందకు రాలేదు. ఎవరా తొమ్మిది మంది అని నేను బావను అడిగాను. వాన పడుతుందని చెప్పగలం గానీ ఏ చుక్క ఎవరి నెత్తి మీద పడుతుందో చెప్పలేం కదా వేణీ అన్నాడు. అతని యంత్రం గురించి అతని కంటే నాకెక్కువ తెలుసా? నమ్మాను.

జూన్ నాలుగున బడి ఆవరణలో ఊరి సభ పెట్టారు. జనం ఒప్పుకోకుండా ఏ లంకనూ తెరవకూడదని ప్రభుత్వం వేసిన విపత్తు సంఘం నియమం పెట్టింది. చూడ్డానికి చాలా మర్యాదైన నియమం. ఊరి ఆడపడుచు చెబితే వింటారని నన్నే మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని రెండు అంకెలూ చెప్పాను. పాము కరిచిన పిల్ల పేరు చెప్పాను, మాస్టారి పేరు చెప్పాను. జనం తలలూపారు. బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు.

అమ్మ మూడో వరసలో మా అత్త పక్కన కూచుని ఉంది. లేచి నన్ను కాదు, బావను అడిగింది.

"ఆ తొమ్మిది మంది ఎవరో తెలీదా నాయనా?"

"తెలీదు అత్తా. అది ఎవరికీ తెలీదు," అన్నాడు బావ.

"తెలీకపోతేనే మంచిదిలే. తెలిస్తే చెయ్యి లేవదు," అని అమ్మ చెయ్యెత్తింది. ఆవిడ ఎత్తాక ఆ వరసంతా ఎత్తారు.

సభ అయిన ఐదో రోజున బావ మా అత్త కళ్ల సంగతి ఎత్తాడు. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి, నాలుగేళ్లుగా వాయిదా వేస్తోంది, ఇప్పుడు నా ఉద్యోగం మీద పాస్ దొరుకుతుంది, ఊరు తెరవకముందే ఆపరేషన్ చేయించి మన క్వార్టర్స్‌లో ఉంచుకుందాం అన్నాడు. క్వార్టర్స్‌లోకి బయటివాళ్లను రానివ్వరు, జ్వరం భయం లేదు. తల్లి మీద ఎంత ప్రేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

ఒక్కటే చిక్కు. మా అత్త లంకలో పాల కేంద్రం నడుపుతుంది. పొద్దునా సాయంత్రం పాలు పోసేవాళ్లూ పోయించుకునేవాళ్లూ అందరూ ఆవిడ బల్ల ముందుకే రావాలి. పంటు తెరిస్తే గట్టు మీది పాల వ్యాను మనుషులు మొట్టమొదట దిగేదీ అక్కడే. మరి ఆ బల్ల దగ్గర ఎవరు కూచోవాలి? మా క్వార్టర్స్‌కు వచ్చిన రోజునే అత్త మా అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ బెట్టు చేసింది, వెన్న శాతం చూపించే ఆ మిషను నాకు లొంగదే వదినా అంది. నేను ఫోన్ తీసుకుని, అత్త కళ్ల కోసం కదమ్మా, నెల రోజులే కదా అన్నాను. చెప్పగా చెప్పగా ఒప్పుకుంది. బావ పక్కనే కూచుని పెరుగన్నం తింటున్నాడు. కంచంలోంచి తలెత్తలేదు.

జూన్ ఇరవై నాలుగున గొలుసు విప్పారు. పంటు గట్టుకు చేరినప్పుడు జనం ఏడ్చారు, నవ్వారు, కొబ్బరికాయలు కొట్టారు. అరటి గెలలు దాటాయి. కాన్పుకు రోజులు దగ్గరపడ్డ ఇద్దరు అమ్మాయిలు దాటి ఆసుపత్రిలో చేరారు, ఇద్దరికీ పిల్లలు క్షేమంగా పుట్టారు. తెరవడం తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

అమ్మ పాల బల్ల దగ్గర కూచున్న పదహారో రోజున ఒళ్లు వెచ్చబడింది. ఇరవై రెండో రోజున ఊపిరి బరువెక్కింది. గట్టు మీద ఆసుపత్రిలో అద్దం ఇవతల నుంచి చూశాను. చివరిసారి మాట్లాడినప్పుడు, పాల మిషను సంగతి ఎవరికైనా అప్పజెప్పండే, పొద్దున్నే జనం వచ్చి నిలబడతారు అంది. అదే ఆఖరి మాట. గొప్ప మాటేమీ కాదు.

అమ్మకు కొడుకుల్లేరు. మేనల్లుడూ అల్లుడూ తనే కాబట్టి తలకొరివి బావే పెట్టాడు. పెడుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనే అతన్ని పట్టుకుని ఓదార్చాను.

రెండు నెలల గడువు ఇంకా పూర్తికాలేదు గానీ, అమ్మ తరవాత మొగలిలంకలో ఎవరూ పోలేదు, కొత్తగా ఎవరికీ జ్వరమూ రాలేదు. మొత్తం ఎనిమిది. తొమ్మిదన్నారు, ఎనిమిదయ్యారు అని విపత్తు సంఘం వాళ్లు మమ్మల్ని పొగిడారు. రెండువందల లంకలు వరసలో ఉన్నాయి, పక్క లంక సభ పది రోజుల్లో పెట్టాలన్నారు. అమ్మ పోయిన ఆరో రోజున నేను పనిలోకి వెళ్లాల్సి వచ్చింది.

కొత్త లంక పని మొదలుపెట్టే ముందు పాత లంక నీడల్ని సరిచూడాలి. పోయినవాళ్ల నీడ పక్కన 'లేరు' అని గుర్తు పెట్టాలి. ఏడుగురికి పెట్టాను. అమ్మది చివరికి ఉంచుకున్నాను. పెట్టలేక, ఎదురింటి నీడ తెరిచాను, కాసేపు మా అత్తను చూద్దామని.

అత్త నీడ పక్కన 'ఊళ్లో లేరు' అని అప్పటికే ఉంది. అది ఉండాల్సిందే, ఆవిడ మా క్వార్టర్స్‌లో ఉంది కదా. కానీ తేదీ మే ఇరవై తొమ్మిది. సభ జరగకముందు. బావ అత్త కళ్ల సంగతి ఎత్తింది జూన్ తొమ్మిదిన. పాస్ వచ్చింది పదకొండున. ఎవరూ అనుకోకముందే యంత్రంలో మా అత్త ఏరు దాటేసింది.

ఆ తేదీ మీద నడిపిన ఫైలు వెతికి తెరిచాను. దానికి ముందు రోజుది ఇంకొకటి ఉంది. రెండింటిలోనూ అంకెలు కాదు, పేర్లున్నాయి. వాన చుక్క ఎవరి మీద పడుతుందో యంత్రానికి శుభ్రంగా తెలుసు. మే ఇరవై ఎనిమిది జాబితాలో తొమ్మిది పేర్లు. మూడో పేరు తాయారు, వెయ్యిసార్లలో ఏడువందల పది సార్లు పోయింది. మే ఇరవై తొమ్మిది జాబితాలోనూ తొమ్మిది పేర్లే. ఎనిమిది పేర్లు అవే. మూడో చోట పల్లాలమ్మ, వెయ్యిసార్లలో ఆరువందల నలభై.

అత్తను తీసేస్తే పాల బల్ల ఖాళీ అయింది. ఆ బల్ల దగ్గరికి ఊరు ఎవర్ని పిలుస్తుందో యంత్రం తనంతట తనే తేల్చుకుంది. ఎలా తేల్చుకుంది? మా అత్త అలమారలో అందరికంటే ఎక్కువ గిన్నెలు మా అమ్మవి. నేనే రాసిచ్చాను.

బావ తన గదిలో క్యారేజీ విప్పుతున్నాడు. రెండు జాబితాలూ బల్ల మీద పెట్టాను. చూశాడు. బుకాయించలేదు. గిన్నె మూత మళ్లీ పెట్టేశాడు.

పేర్లు వస్తాయన్న సంగతి సంఘానికి తెలుసట. పేర్లు అడగొద్దు, ఎవరికీ చూపొద్దు అని వాళ్లే చెప్పారట. ఒక్కసారి చూడకుండా ఉండలేకపోయానని, చూస్తే వాళ్లమ్మ పేరుందని చెప్పాడు. ఒకరిని తీస్తే ఇంకొకరు వస్తారని ముందే ఊహించాడట, అది మా అమ్మ అవుతుందని అనుకోలేదట.

"తెలిశాక?" అన్నాను.

"తెలిశాక ఆపితే మా అమ్మ."

"పాల కేంద్రం మూసేసి ఉండొచ్చుగా."

"మూసి చూశాను. పాలకోసం ఇల్లిల్లూ తిరిగారు. పద్నాలుగయింది."

"వయసులో ఉన్నవాళ్లని ఎవరినైనా ఆ బల్ల దగ్గర కూచోబెడితే?"

అది కూడా నడిపి చూశాడని మొహం చూస్తే తెలిసింది.

"ఎనిమిది వచ్చింది," అన్నాడు. "కానీ ఎందుకు మార్చమంటున్నారని ఊరు అడుగుతుంది. చెప్పాలి. పేర్లు తెలుస్తాయని బయటపడితే ఇంక ఏ లంకా చెయ్యెత్తదు. రెండువందల లంకలు వేణీ. మూసి ఉంచితే ఎన్ని వేలమంది పోతారో నీకు తెలుసు."

నాకు తెలుసు. ఆ అంకె నేనూ చూశాను. అదే నన్ను ఎక్కువ మండించింది. అతను దొంగైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అతను చెప్పినదాంట్లో సగం నిజం. ఆ సగం నిజం వెనక నిలబడి తన తల్లిని మాత్రం చెయ్యి పట్టుకుని దాటించాడు, నా తల్లిని బల్ల దగ్గర కూచోబెట్టాడు. కూచోబెట్టడానికి నా నోరే వాడుకున్నాడు. మా అమ్మ సభలో లేచి నిలబడి ఆ పేర్లు తెలీదా అని తననే అడిగితే, తెలీదు అత్తా అన్నాడు. ఆవిడ కలిపి పెట్టిన ముద్దలు తిన్న నోటితో అన్నాడు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నువ్వు ఎవర్ని ఎంచుకునేదానివి అని ఎదురడిగాడు. జవాబు నా దగ్గరుంది గానీ అతనికి ఇవ్వబుద్ధి కాలేదు. కాగితాలు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మా అత్త వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. కొత్త చూపు వచ్చాక పని లేకుండా ఉండలేకపోతోంది. అమ్మ పోయిన రోజు నుంచీ ఒకటే మాట, నా పని చేస్తూ పోయిందే నా వదిన, నా కళ్లు పాడుగాను అని. అది విని నేను రోజూ ఊరుకోబెట్టేదాన్ని, నీ తప్పేముంది అత్తా అని. ఆ రోజు ఊరుకోబెట్టలేదు. పక్కన కూచుని మొత్తం చెప్పాను. యంత్రం, రెండు జాబితాలు, తేదీలు. చెప్పకుండా ఉండొచ్చు, డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. కానీ ఈ ఇంట్లో చెప్పకుండా ఉండటం ఒకరు మొదలుపెడితే ఏమయిందో చూశాను.

అత్త చేతిలో చింతపండు పళ్లెంలో పెట్టేసింది. తరవాత, నీకు ముందే తెలిస్తే నన్ను ఆ బల్ల దగ్గరే ఉండనిచ్చేదానివా అని అడిగింది.

"ఉండనిచ్చేదాన్నేమో అత్తా," అన్నాను. "అమ్మను మాత్రం కూచోనిచ్చేదాన్ని కాదు."

తలూపింది. ఆవిడకు కోపం రాలేదు. నేను బావకు ఇవ్వని జవాబు ఆవిడకిచ్చినందుకు నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం బావ ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకముందే అత్త అడిగింది.

"నన్నొక మాట అడిగావట్రా?"

"అడిగితే నువ్వు వచ్చేదానివి కాదమ్మా."

"రాను. వదినని నా చోట కూచోబెట్టి నేను ఒడ్డున కూచోను. అది నీకు తెలుసు. తెలిసే అడగలేదు."

"నువ్వు బతకాలని చేశాను."

"బతికించానని నువ్వంటున్నావు, బతికానని నేననట్లేదు," అంది అత్త. మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. అతను ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆవిడ తలెత్తలేదు. తరవాతి నాలుగు రోజులూ ఆవిడ కొడుకుతో మాట్లాడలేదు. అతను వండుకున్నాడు, అతను తిన్నాడు.

పదకొండో రోజు అమ్మ పెద్దకర్మ. లంకలోనే జరగాలి. బంధువులు, పురోహితుడు అవతలి రేవులో మా కోసం చూస్తున్నారు. కొరివి పెట్టినవాడే కర్మ చెయ్యాలి కాబట్టి బావ తెల్లపంచె కట్టుకుని, దర్భలూ నువ్వులూ ఇత్తడి చెంబూ పెట్టిన సంచి మోసుకుని మాతో రేవుకు వచ్చాడు. ఎవరమూ రమ్మనలేదు, వద్దనలేదు. పంటు మీద అప్పటికే జనం, మోటారు సైకిళ్లు, రెండు పాల క్యాన్లు. అందరూ మమ్మల్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చారు.

బావ ఒక కాలు పంటు మీద పెట్టాడు. అప్పుడు అత్త వెనక్కి తిరిగింది. నాలుగు రోజుల తరవాత మొదటి మాట.

"అడక్కుండా నన్ను ఏరు దాటించావు. ఇవాళ నువ్వు దాటాలంటే అడుగు. నన్ను కాదు. దాన్నడుగు."

చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. పంటువాడు తాడు పట్టుకుని ఆగిపోయాడు. బావ నా వైపు చూశాడు. పదకొండు రోజుల గడ్డం, ఎర్రబడ్డ కళ్లు. ఆ ఏడుపు కూడా అబద్ధం కాదని నాకు తెలుసు.

"రానా వేణీ?" అన్నాడు.

అతను వస్తే కర్మ పద్ధతిగా జరిగిపోతుంది. ఊళ్లో ఎవరూ ఏమీ అడగరు. పక్క లంక సభ అనుకున్న రోజున జరుగుతుంది, చేతులు లేస్తాయి, మాస్టారి లాంటివాళ్లు ఆసుపత్రులకు దాటతారు. రాకపోతే అడుగుతారు. అడిగితే నేను చెప్పాలి. చెబితే మిగతా ఏడిళ్లవాళ్లు తమ పేర్లు చూపించమంటారు, చూపిస్తే ఆ కబురు రెండువందల లంకలకూ పాకుతుంది. ఎటు చూసినా అతను రావడమే మేలు. ఆ లెక్క వెయ్యడానికి నాకు యంత్రం అక్కర్లేదు.

"వద్దు బావా," అన్నాను.

అతను కాలు వెనక్కి తీసుకోలేదు. ముందుకు వంగి, మిగతావాళ్లకు వినపడకుండా అన్నాడు.

"ఎందుకు రాలేదని ఊళ్లో అడుగుతారు."

"చెబుతాను," అన్నాను.

అతను సంచి నా చేతికిచ్చి కాలు వెనక్కి తీసుకున్నాడు. పంటువాడు తాడు వదిలాడు.